సమస్యాపూరణం: నవ్వింపనివాఁడె గొప్ప నటుఁడై వెలిఁగెన్

నిర్వాహకురాలు, ప్రొద్దుటూరు:

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య కంద పద్యం చివరి పాదం. మిగతా మూడు పాదాలూ మీరు రాసి దీన్ని పూరించాలి.

నవ్వింపనివాఁడె గొప్ప నటుఁడై వెలిఁగెన్

ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, "వ్వ". నాలుగు పాదాలూ గురువుతోనే (రెండు మాత్రల అక్షరంతోనే) మొదలు కావాలి. గువ్వ, మువ్వ, దివ్వె, రవ్వ, దవ్వు, అవ్వ అని వెతుక్కుంటూ పోతే మాటలకు కరువు లేదు. గడువు శుక్రవారం రాత్రి.

ఈ సమస్య ఎందుకు ఇచ్చానో చెప్తాను. పోయిన ఆదివారం మా అత్తమ్మను, మావాణ్ని పిలుచుకొని కొత్తగా వచ్చిన ఒక కామెడీ సినిమాకు పోయినాను. అత్తమ్మకు డెబ్బై దాటినాయి. మోకాళ్ల నొప్పులతో హాలు మెట్లెక్కడమే ఆమెకు పెద్ద పని. అయినా "కడుపారా నవ్వి ఎన్నాళ్లయిందో, పోదాం పా" అని పొద్దున్నుంచీ చీర తీసి పెట్టుకుంది. సినిమా మొదలై పది నిమిషాలు కాలేదు, లావుగా ఉన్న ఒక అమ్మాయి వెనక నడుస్తా హీరో స్నేహితుడు చేతులతో సైగలు చేసినాడు. ఆ తర్వాత నత్తి ఉన్న పిల్లోడొకడు వచ్చినాడు. వాడు ప్రతి మాట మొదటి అక్షరం దగ్గరా ఆగడం, అది బూతుగా వినబడడం, చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వడం. అదే జోకు నాలుగు సార్లు.

మావాడికి పదమూడేళ్లు. మొదటిసారి నవ్వినాడు. రెండోసారి నవ్వబోయి వాళ్ల అవ్వ ముఖం చూసి ఆపేసినాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, తెర వదిలేసి పక్క తలుపు మీద వెలుగుతున్న ఎర్ర లైటును చూస్తా కూర్చుంది. ఒళ్లో బొరుగుల పొట్లం విప్పను కూడా విప్పలేదు. "ఇంగ ఎంతసేపుండాది మ్మా?" అని అడిగింది. విరామంలో లేచి వచ్చేసినాము.

ఆటోలో అన్నది: "బూతులకు కాదు మ్మా, బూతులు నేను విననివా? ఆ పిల్లోణ్ని చూస్తే మీ మామ గుర్తొచ్చినాడు."

మా మామగారికి నత్తి ఉండేది. బియ్యం తెచ్చుకునే వరుసలో నిలబడి తన పేరు తాను చెప్పుకోవడానికి ఆయన పడిన యాతన నేను కళ్లారా చూసినాను. వెనక ఎవరో ఒకరు కిసుక్కుమనేవాళ్లు. ఆ కిసుక్కునే ఈ సినిమా టికెట్టు పెట్టి అమ్మింది.

అందుకే ఈ పాదం. సినిమా పేరు గానీ నటుల పేర్లు గానీ పద్యంలో రాకూడదు. కోపం ఉండొచ్చు, ఛందస్సు మాత్రం తప్పకూడదు.

రాజంపేట తమ్ముడు:

అక్కా, నేనూ ఆ సినిమా చూసినా. నా మొదటి కందం ఇది, తప్పులుంటే చెప్పండి.

అవ్వా తాతల ముందర
నెవ్వరు నోపని పలుకుల నేలనొ పలికెన్
కవ్వింపే కామెడాయె
నవ్వింపనివాఁడె గొప్ప నటుఁడై వెలిఁగెన్

నిర్వాహకురాలు:

తమ్ముడూ, మొదటి కందానికి ఇంత ధార రావడం చిన్న విషయం కాదు. "అవ్వా తాతల ముందర" అన్న ఎత్తుగడ నేరుగా మా ఆదివారంలోకి తీసుకుపోయింది. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం కలవడం) "నె–నే" చక్కగా కుదిరింది.

మూడో పాదం విడగొట్టి చూడు. "కవ్విం" గగ (రెండు గురువులు), "పేకా" గగ, "మెడాయె" జగణం (లఘువు, గురువు, లఘువు). కందంలో బేసి గణాల్లో జగణం రాకూడదు. నడక అక్కడే తడబడింది, పైకి చదివితే నాలుకకే తెలుస్తుంది. ఇంకొక చిన్న మాట. "పలికెన్" అని ద్రుతంతో, అంటే చివరి "న్"తో, ఆపినావు కాబట్టి తర్వాతి "క" "గ" అవుతుంది. ఇట్లా చూడు:

గవ్వింపులె కామెడి యఁట!

గగ, స (రెండు లఘువులు, గురువు), నల (నాలుగు లఘువులు). సరిపోయింది. "యఁట" చేరడంతో ఎవరో చెప్పగా విని బాధపడుతున్న గొంతు కూడా వచ్చింది. అయితే భావంలో ఇంకొక పని మిగిలింది. సమస్యలో విరుద్ధం ఉంటుంది, దాన్ని విప్పడమే పూరణ. నవ్వించలేని వాణ్నే గొప్పవాడన్నారని నువ్వు నిష్ఠూరంగా అన్నావు. కాకువుగా, అంటే ఎత్తిపొడుపు గొంతుతో, చదువుకుంటే చెల్లుతుంది, ముడి మాత్రం ముడిగానే ఉంది. మిగతావాళ్లు ఎట్లా విప్పుతారో చూసి మళ్లీ రాయి.

కమలాపురం మాస్టారు:

ఎవ్వరి తల దింపక, తన
మవ్వపు మాటలను జనుల మనములు గెలిచెన్;
క్రొవ్విన పలుకుల రోఁతల
నవ్వింపనివాఁడె గొప్ప నటుఁడై వెలిఁగెన్

నిర్వాహకురాలు:

మాస్టారూ, దండం. ముడి ఎక్కడుందో అక్కడే పట్టినారు. "నవ్వింపని" అన్నదానికి ముందు "రోఁతల" వచ్చి కూర్చునేసరికి, నవ్వించనివాడు కాస్తా రోతతో నవ్వించనివాడైనాడు. సమస్యలో ఒక్క అక్షరం కదలలేదు, అర్థం అంతా మారింది. "రోఁతలన్" అని ఉండాల్సిన ద్రుతం లోపించినా అన్వయానికి ఇబ్బంది లేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం మొదటి పాదం. "ఎవ్వరి తల దింపక." మా మామగారు ఆ వరుసలో తల దించుకొని నిలబడడం గుర్తొచ్చి ఈ పద్యం అత్తమ్మకు చదివి వినిపించినాను. "ఆ అయివారికి నా దండాలు చెప్పు" అన్నది. చెప్తున్నాను.

జమ్మలమడుగు అన్న:

పద్యం పంపలేదు గానీ ఒక మాట అడగాలి. మన కవులు మాత్రం బూతులు వాడలేదా? తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో (అప్పటికప్పుడు చెప్పిన విడి పద్యాల్లో) సగం నలుగురిలో చదవలేము. సినిమావాళ్లనే ఎందుకు పట్టుకోవాలి? జనం నవ్వినారు కదా.

నిర్వాహకురాలు:

అన్నా, అడగాల్సిన మాటే అడిగినారు. ఆ చాటువుల్లో అందరికీ తెలిసింది "కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్". ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది. ఇదీ కందపాదమే, ఇదీ సమస్యే. అవమానించాలని వచ్చినవాడు అడిగితే గంజాయి తాగినావా అని మొదలుపెట్టి మొరటుగా తిట్టినాడనీ, అదే పాదం రాయలవారు అడిగితే పాండవులు విరటుడి కొలువులో చేరిన దైన్యాన్ని సంజయుడితో చెప్పుకున్నట్టుగా పూరించినాడనీ కథ. కథ నిజమో కాదో అటుంచుదాం, మనవాళ్లు దాన్ని ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నారో చూడండి. ఒకే పాదానికి తిట్టూ వచ్చింది, కన్నీరూ వచ్చింది. ఆ తిట్టు కూడా పొగరుతో వచ్చినవాడికే తగిలింది. దారిన పోయే నత్తివాడికి తగల్లేదు.

బూతు మాట వినబడిందని నా బాధ కాదు. మా అత్తమ్మ బాధా అది కాదు. ఇంకేమీ తోచక ఒకరి ఒళ్లును, ఒకరి నాలుకను ముందు పెట్టి నవ్వమన్నారు, అదీ బాధ.

నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆరు రకాలు చేసింది. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. పళ్లు కనబడని చిరునవ్వు దగ్గర మొదలై, కళ్ల నీళ్లు కారి డొక్కలు పట్టుకునే దాకా పోతుంది ఆ వరుస. ఉత్తములూ అధములూ అన్న ఆ విభజన నాకు నచ్చదు, కడుపు పట్టుకొని నవ్వే హక్కు అందరికీ ఉంది. కానీ నవ్వులో ఇన్ని మెట్లున్నాయని ఒకరు కూర్చొని గమనించినారు కదా. ఈ సినిమాకు తెలిసింది ఒక్క మెట్టే.

తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో తీసిన మాయాబజార్‌లో తల్పానికి గిల్పం, కంబళికి గింబళి. ఏముంది అందులో? పులీ గిలీ, అన్నం గిన్నం అని మనం రోజూ ఇంట్లో అనుకునే మాటే. పింగళి నాగేంద్రరావు ఆ "గి"ని తీసుకొని దానికి ఒక వస్తువును కల్పించినాడు. మా అత్తమ్మ ఇప్పటికీ పరుపు దులుపుతా "ఈ గిల్పం బరువు గదమ్మా" అంటుంది. మన సింహాద్రిపురంలో 1931లో పుట్టిన పద్మనాభం కూడా జనాన్ని నవ్వించే బతికినాడు. నవ్వించడం చేతగాని నేల కాదు మనది.

నలుగురు అడిగే చిక్కులకు ఒకే కవి సభలో అక్కడికక్కడే జవాబు చెప్పే అవధానానికి పోయినా అంతే. పక్కన అక్షరాలు వద్దంటూ పోయే నిషిద్ధాక్షరి నడుస్తుంటుంది, ఇచ్చిన మాటలతో పద్యం చెప్పే దత్తపది నడుస్తుంటుంది, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన లేచి అడ్డదిడ్డమైన ప్రశ్న వేస్తాడు. అవధాని తిప్పి కొట్టిన జవాబుకు సభంతా గొల్లుమంటుంది. ముందు వరుసలో ముసలివాళ్లుంటారు, వెనక బడిపిల్లలుంటారు. ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోరు.

జమ్మలమడుగు అన్న:

నత్తి సంగతి నేను అట్లా ఆలోచించలేదమ్మా. నేనూ నవ్వినా ఆ సీనుకు. సరే, ఆలోచిస్తా.

మైదుకూరు చెల్లెలు:

అక్కా, ఆ సినిమాలో తాత వేషం వేసినాయన ఉన్నాడు కదా. ఆయన ఒక్కడు వచ్చినప్పుడే హాలు నిమ్మళమైంది. ఆయన మీద రాసినా.

ఎవ్వఁడు గంతులిడిన మన
కెవ్వరికిని నగవు రాదు కేకలతోడన్
రవ్వంత కులుకు లేకయె
నవ్వింపనివాఁడె గొప్ప నటుఁడై వెలిఁగెన్

నిర్వాహకురాలు:

చెల్లెమ్మా, నువ్వు చెప్పేదాకా ఆ తాత నాకు గుర్తు రాలేదు. నిజమే. విరామానికి ముందు ఆయన కంచం ముందు కూర్చొని, మనవడి అబద్ధం వింటూ పప్పులో నెయ్యి కలుపుకుంటా ఉంటాడు. ఒక్క మాట అనడు. ముద్ద నోటి దాకా పోయి ఆగుతుంది. అత్తమ్మ ఎర్ర లైటు మీద నుంచి చూపు తిప్పి తెర వైపు చూసింది ఆ ఒక్కసారే.

"కేకలతోడన్" పాదం నింపడానికి వేసినట్టు కనిపిస్తుంది గానీ ఇక్కడ అవసరమే. ప్రతి జోకు తర్వాత ఢాం అని ఒక మోత, నవ్వమని మన భుజం తట్టినట్టు. దాన్నే పట్టుకున్నావు. "మనకు ఎవ్వరికిని" అన్నది పాదం చివర విరిగి "మన / కెవ్వరికిని" అయిన తీరు చాలా సహజంగా ఉంది. "ఎవ్వ" మాట రెండుసార్లు ప్రాసలో వచ్చింది, దోషం కాదు గానీ మొదటిది మార్చుకోగలిగితే ఇంకా బాగుంటుంది.

ఇంకొక సభ్యుడి పూరణ వచ్చింది, ఇక్కడ పెట్టడం లేదు. ఛందస్సు నిక్షేపంగా ఉంది. కానీ సినిమాలోని ఆ లావు అమ్మాయిని ఎగతాళి చేస్తూనే సినిమాను తిట్టినారు. ఆయనకు విడిగా రాసినాను.

కమలాపురం మాస్టారు:

చెల్లెలి పద్యం చూసినాక ఇంకొకటి తోచింది. మా చిన్నప్పుడు ఊర్లో తిరునాళ్లకు పద్యనాటకం కట్టేవాళ్లు. తెల్లవారుజాము మూడింటికి కాటిసీను వచ్చేది. కంబళ్లు కప్పుకొని ఎవరూ కదలకుండా చూసేవాళ్లం.

దవ్వుల కాటిని గాచెడి
యవ్విభు వేషమున నొక్కఁ డశ్రులు రాల్చ
న్నెవ్వరు నవ్వక యేడ్చిరి;
నవ్వింపనివాఁడె గొప్ప నటుఁడై వెలిఁగెన్

నిర్వాహకురాలు:

పేరెత్తకుండానే హరిశ్చంద్రుణ్ని నిలబెట్టినారు. రెండో పాదంలో "అవ్విభు" అన్న చోటి అకారానికి "ఒక్కఁడు అశ్రులు"లోని అకారంతో స్వరయతి (అచ్చుకు అచ్చు కలిసే యతి). "రాల్చ"కూ "న్నెవ్వరు"కూ నడుమ పాదం విరిగిన చోట ఏడుపు గొంతుకు అడ్డం పడినట్టు వినిపించింది నాకు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ లాంటి మహానటుణ్ని కన్న సీమ ఇది. నాటకం చూసి కన్నీళ్లు తుడుచుకున్న జనమే హాస్యగాడు రాగానే విరగబడి నవ్వేవాళ్లు. రెండూ ఒకే రాత్రి, ఒకే కంబడి కింద.

రాజంపేట తమ్ముడు:

అక్కా, మూడో పాదం మీరు చెప్పినట్టే మార్చుకున్నా. కానీ ముడి విప్పే పూరణ ఇంకా కుదరలేదు. "గువ్వ"తో ఒకటి మొదలుపెట్టినా, రెండో పాదంలో యతి దగ్గర ఆగింది.

నిర్వాహకురాలు:

గడువు ఆదివారం దాకా పొడిగిస్తున్నా, నీకోసమే. "గువ్వ" వద్దు, నీ మొదటి మాట "అవ్వ" దగ్గరికే మళ్లీ పో. మావాడు కూడా పక్కన కూర్చొని వేళ్ల మీద గురులఘువులు లెక్కపెడుతున్నాడు, వాడిదీ అవ్వతోనే మొదలైంది.