యూనివర్సిటీలో పుట్టిన టీకా కంపెనీ చేతికి ఎందుకు వెళ్లాలి?

ఏడోఏడు_స్కాలర్: 2024 జూన్‌లో కోవాగ్జిన్ పేటెంట్ రగడ గుర్తుందా? వైరస్‌ని వేరుచేసి ఇచ్చింది పుణెలోని ప్రభుత్వ వైరస్ పరిశోధన సంస్థ ఎన్ఐవీ. అంటే కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, అంటే మన పన్నులు. పేటెంట్ దరఖాస్తులో మాత్రం టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ కంపెనీ పేరొక్కటే. గొడవయ్యాక పొరపాటు జరిగిందని చెప్పి ఐసీఎంఆర్ పేరు చేర్చారు. అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ అట. యూనివర్సిటీలు, ప్రభుత్వ ల్యాబులు కష్టపడాలి, లాభం ఇంకొకరు పట్టుకుపోవాలా? పశువుల టీకాల్లోనూ ఇదే తంతు. ఏమంటారు?

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: సీసాలో వైరస్ ఉంటే టీకా ఉన్నట్టు కాదండీ. గాదెలో వడ్లుంటే కంచంలో అన్నం ఉన్నట్టా? రోటావైరస్ టీకానే చూడండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1985-86 ప్రాంతంలో పసికందులకి ఆ వైరస్ సోకింది, విరేచనాలు మాత్రం కాలేదు. ఎం.కె. భాన్ గారి బృందం అక్కడే టీకాకి పనికొచ్చే 116ఈ అనే రకాన్ని పట్టుకుంది. లైసెన్సు ఎప్పుడొచ్చింది? 2014లో. మధ్యలో దాదాపు 30 ఏళ్లు. డోసు ఒక డాలరుకే ఇవ్వాలని ముందే మాటయింది. 2016లో ప్రభుత్వ టీకాల్లో చేరినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాన్ని టీకాగా చేసిన ఇదే భారత్ బయోటెక్ లేకుంటే ఆ సీసా ఇప్పటికీ ఎయిమ్స్ ఫ్రీజర్‌లోనే ఉండేది.

ఇక కోవాగ్జిన్ లెక్క. 2022 జనవరి ఆఖరుకి ఐసీఎంఆర్ పెట్టింది 35 కోట్లు, రాయల్టీగా వచ్చింది 171 కోట్ల పైన. పార్లమెంటులో చెప్పిన మాటే. ఇందులో మోసపోయింది ఎవరు?

చిన్నమాట: పాతకాపు గారు ఇంకా జీతం అక్కడే తీసుకుంటున్నట్టున్నారు 😀

మందకాపరి: ఇదంత పెద్దోళ్ల ముచ్చట. నాదొక్కటే ముచ్చట. మాకు 38 గొర్లు. పారుడు రోగం టీకా మా కాడికి 100 డోసుల సీసల వస్తది. నీళ్లు కలిపినంక రెండు గంటల్ల ఒడ్వాలె. అంటే 62 డోసులు పారబోసుడే. డాక్టర్ సాబ్ ఏమో ఇంకో రెండు మందలు తోల్కరా, అప్పుడు సీస ఇప్పుత అంటడు. పోయిన వానకాలం మందల కోసం తిరిగేలోపల నాయి 9 పోయినయి. మూతి, కండ్లు కారి, పారుకుంట పారుకుంట పోయినయి. సీస ఎంతుండాల్నో చెప్పింది యూనివర్సిటోళ్లా, కంపెనోళ్లా?

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: చిన్న సీసా నింపితే ఒక్కో డోసు ఖర్చు పెరుగుతుంది అన్నా. గాజు, మూత, లేబులు, మనిషి కూలీ, అన్నీ 100 సీసాకీ అంతే, 25 సీసాకీ అంతే.

చిన్నమాట: 25 డోసులది కూడా ఉంటుంది కదా?

మందకాపరి: ఉంటే మా మండలంల కనవడాలె.

చిన్నమాట: అడిగారా?

మందకాపరి: అడగనిదే 9 గొర్లు పోయినంక ఊకున్ననా తమ్మీ?

ఏడోఏడు_స్కాలర్: సీసా దగ్గర ఆగిపోకండి. అసలు ప్రభుత్వమే తయారు చేస్తే ఈ గొడవే ఉండదు. హైదరాబాద్ శాంతినగర్‌లో పశువుల టీకాలు చేసే ప్రభుత్వ సంస్థ వీబీఆర్ఐ ఉంది. గొంతువాపు, చిటుక రోగం టీకాలు అక్కడే చేస్తారు. దానికి డబ్బులిచ్చి బాగుచేయకుండా యూనివర్సిటీ పరిశోధనని లైసెన్సు పేరుతో అమ్మడం దేనికి?

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: గొర్రెలకొచ్చే నీలి నాలుక రోగం టీకా సంగతి తెలుసా? ఏ జిల్లాలో ఏ రకం వైరస్ తిరుగుతోందో కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ నెట్‌వర్క్‌లోని యూనివర్సిటీలు ఏళ్ల తరబడి వెతికాయి. 1, 2, 10, 16, 23 అని అయిదు రకాలు తేల్చాక ఇండియన్ ఇమ్యునలాజికల్స్ టీకా చేసి బయటికి తెచ్చింది. ఆ కంపెనీని పెట్టింది కేంద్ర ప్రభుత్వ పాడి బోర్డు ఎన్‌డీడీబీ. అన్ని కంపెనీలనీ ఒకే గాటన కట్టేముందు అది కూడా చూసుకోండి. శాంతా బయోటెక్‌కి మొదట్లో ఉస్మానియా, తర్వాత ప్రభుత్వ ల్యాబు సీసీఎంబీ చోటివ్వకపోతే 1997లో మన హెపటైటిస్-బి టీకా ఎక్కణ్ణుంచి వచ్చేది?

రిటైర్డ్_పశువైద్యుడు: రెండు పక్షాలూ డబ్బు దగ్గరే కొట్టుకుంటున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం చేయి కలిపాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మెర్క్ ఉచితంగా ఇచ్చింది. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, సుమారు 14 వేల మందికి వేశారు. చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకి టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది, నేనూ కాదనను. అయినా 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం అందరినీ కడిగేసింది.

అప్పుడు నేను ఆ జిల్లాలోనే గాలికుంటు టీకాలు వేస్తున్నాను. గేదె గలాయన పొలంలో ఉంటే, ఆయన వచ్చి పలుపు పట్టుకునేదాకా గట్టు మీద కూర్చునేవాళ్లం.

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: సార్, గౌరవంగానే చెబుతున్నా, పాత్ యూనివర్సిటీ కాదు, కంపెనీ కూడా కాదు. ఈ చర్చకి అది వర్తించదు.

రిటైర్డ్_పశువైద్యుడు: పిల్లకి సూది వర్తించింది కదా బాబూ.

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: స్కాలర్ గారూ, సూటిగా అడుగుతాను. పేటెంట్లు, రాయల్టీలు అన్నారు. మీ గైడుకి వాటా వచ్చింది, మీకు రాలేదు. ఇంతేగా మీ బాధ?

ఏడోఏడు_స్కాలర్: నా హ్యాండిల్ చూసే ఆ మాటంటున్నారా? సరే, వినండి. రూపాయి అడగలేదు నేను. ఒక కంపెనీతో మా డిపార్ట్‌మెంటుకి ఒప్పందం ఉంది. గొర్రెల టీకా. మూడు జిల్లాలు బైకు మీద తిరిగి 214 రక్త నమూనాలు తీశాను. ఐస్ డబ్బా వెనక కట్టుకుని, ఐస్ అయిపోతే సోడా బండి దగ్గర గడ్డలు కొనుక్కుని. టీకా వేసిన ఆరు నెలలకే చాలా గొర్రెల్లో రక్షణ దిగిపోయినట్టు కనిపించింది. పేపర్ రాశాను. ముందు తమకి చూపించాలని ఒప్పందంలో ఉందన్నారు. చూపించాను. 11 నెలలైంది. ‘పరిశీలనలో ఉంది.’ పేపర్ లేకుండా థీసిస్ ఇవ్వనివ్వరు. టీకా బాగుందని వచ్చుంటే వారంలో పంపేవారు కాదా?

చిన్నమాట: ఇది ముందే చెప్పాల్సింది అన్నా.

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: ఆ ఏడుపన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీ శత్రువు ఆ కంపెనీ కాదు. నేను చూసిన ఒప్పందాల్లో ఇలాంటి పరిశీలనకి 30 రోజులో 60 రోజులో గడువు రాసేవారు. పేటెంట్ దరఖాస్తు వేసుకోవడానికి, అంతే. గడువు లేని కాగితం మీద సంతకం పెట్టింది మీ యూనివర్సిటీ. చదవకుండా పెట్టింది.

ఏడోఏడు_స్కాలర్: మీరు ‘ఏడుపు’ అనలేదు, ‘బాధ’ అన్నారు. మనసులో ఉన్నది ఇప్పుడొచ్చింది. సంతకం పెట్టేటప్పుడు నన్నెవరడిగారు? నేను చెప్పేదీ అదే. తప్పొప్పులు పైకి చెప్పే హక్కు ల్యాబుది కాకపోతే దాన్ని యూనివర్సిటీ అనడం ఎందుకు? కంపెనీ గోడ అవతలి గది అనొచ్చు.

జీనోమ్‌వ్యాలీ_పాతకాపు: అదీ అసలు మాట. అలా మొదలుపెట్టి ఉంటే సగం గొడవ తగ్గేది. 2008లో రాజ్యసభలో పెట్టిన ప్రభుత్వ నిధుల పరిశోధన బిల్లు కూడా పేటెంట్ ఎవరిదన్న దగ్గరే తిరిగి తిరిగి 2014లో వెనక్కి పోయింది. పేపర్ ఎవరాపొచ్చన్నది...

మందకాపరి: ఆగుండ్రి. స్కాలర్ తమ్మీ, ఆ 214 గొర్లు ఎవలయి?

ఏడోఏడు_స్కాలర్: రైతులవి. మీలాంటివాళ్లవే.

మందకాపరి: ఆరు నెలలకే మందు దిగిపోయిందని ఆళ్లకు చెప్పినవా?

ఏడోఏడు_స్కాలర్: లేదు. ఫలితాలు బయట చెప్పకూడదని ఒప్పందంలో ఉంది.

మందకాపరి: నీ పేపరు 11 నెలలు ఆపిండ్రని గింత కోపమొచ్చింది నీకు. ఆళ్లు గా 11 నెలలు టీకా ఏసినం గదా అని ధీమాగ మేపుకుంటున్నరు. ఫోన్ల చెప్తే ఎవలకు ఎర్కయితది?

చిన్నమాట: 🙏

రిటైర్డ్_పశువైద్యుడు: కాపరి అన్నా, వానలు పడకముందే మీ పని చూడండి. పక్క మంద వాళ్లని కలుపుకోండి, 100 అవుతాయి. సీసా నేను మాట్లాడి ఇప్పిస్తాను.

మందకాపరి: పక్క మంద మా పెదనాయిన కొడుకుది సార్. భూమి కాడ పంచాయితి, మూడేండ్లాయె మాటల్లేక.

ఏడోఏడు_స్కాలర్: నా నోట్‌బుక్‌లో ఆ రైతుల నంబర్లున్నాయి. రేపు మొదలుపెడతాను.