పీనట్స్ సినిమాలో ఎర్రజుట్టు అమ్మాయి ముఖం చూపించడం మీకు నచ్చిందా?

పాతపేపర్లు:
మా నాన్నగారు ఆఫీసులో ఇంగ్లిష్ పేపరు అందరూ చదివేశాక, అందులో పీనట్స్ అనే కామిక్ బొమ్మల కథలు కత్తిరించి నాకు తెచ్చేవారు. నాకు ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది. అందులోని పిల్లాడు చార్లీ బ్రౌన్ మాత్రం పూర్తిగా అర్థమయ్యేవాడు. బెంచీ మీద ఒంటరిగా కూర్చుని తింటూ, దూరంగా ఉన్న ఎర్రజుట్టు అమ్మాయితో ఎలా మాట్లాడాలా అని మథనపడేవాడు కదా, ఆరో తరగతిలో నేనూ అంతే.

మొన్న ఆదివారం మా ఎనిమిదేళ్ల పాపతో కలిసి 2015లో వచ్చిన సినిమా చూశాను. చివర్లో ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి చార్లీని మెచ్చుకుంటుంది. పాప చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. పీనట్స్ సృష్టికర్త షుల్జ్ గారు 1950 నుంచి దాదాపు యాభై ఏళ్లు, ఒక్క చేత్తో 17,897 స్ట్రిప్పులు గీశారు. అన్నిట్లోనూ ఆ అమ్మాయి కనిపించింది 1998లో ఒక్కసారి, అదీ నీడలా. ఆమె వెనక నిజమైన మనిషి ఉంది. డోనా జాన్సన్ అని, మినియాపొలిస్‌లో ఆయనతో పాటు పనిచేసింది. 1950లో పెళ్లి చేసుకుందామని అడిగితే కాదంది. ఆ బాధను ఆయన అన్నేళ్లు ముఖం లేకుండానే దాచుకున్నారు. సినిమా రాసినవాళ్లలో ఆయన కొడుకు, మనవడు ఉన్నా, ఆ ముఖం చూపించకుండా ఉండాల్సింది అనిపించింది. మీకూ అలాగే అనిపించిందా?

ఫ్రేము:
అన్నా, నేను హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేస్తాను. ముగింపు గురించి నాకు పేచీ లేదు, నేను చూసింది బొమ్మ. మామూలుగా ఇలాంటి సినిమాల్లో సెకనుకు 24 ఫ్రేములూ కదులుతాయి. ఈ సినిమా తీసిన బ్లూ స్కై స్టూడియో వాళ్లు ఇందులో పాత్రల్ని ఎక్కువగా రెండు ఫ్రేములకు ఒకసారి కదిలించారు. అందుకే చేత్తో గీసినట్టు ఉంటుంది. చార్లీ తల తిప్పేటప్పుడు గమనించండి, మెల్లగా తిరగదు, ఠక్కున అటు మారిపోతుంది. షుల్జ్ గీసిన కోణాల్లో తప్ప ఆ తల చార్లీది అనిపించదు మరి. కళ్లు, కనుబొమలు పెన్ను గీతలే. చార్లీ కుక్క స్నూపీ గొంతు కూడా 2008లో చనిపోయిన బిల్ మెలెండెజ్‌దే, పాత రికార్డింగులు వెతికి వాడారు. ఇంత జాగ్రత్త తీసుకున్నవాళ్లు ఆ ముఖాన్ని ఆషామాషీగా చూపించి ఉండరని నా నమ్మకం.

బడిపంతులమ్మ:
బాబూ, ఒక చిన్న సవరణ. ఆ అమ్మాయి ముఖం మొదట చూపించింది ఈ సినిమా కాదు. 1977లో షుల్జ్ గారే రాసిన టీవీ కార్యక్రమంలో కనిపించింది, హెదర్ అని పేరు కూడా పెట్టారు.

ఇక ముగింపు. నేను ముప్పై ఏళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పాను. చార్లీకి పరీక్షలో నూటికి నూరు వచ్చి బడంతా ఊరేగిస్తుంది చూడండి, పేపర్లు మారాయని తెలియగానే అందరి ముందు నిలబడి, ఇది నాది కాదని ఇచ్చేస్తాడు. చెల్లెలి ఆట చెడిపోతుంటే తన మేజిక్ ప్రదర్శన వదులుకుని ఆవు వేషం కట్టి ఆదుకుంటాడు. ఆ అమ్మాయి మెచ్చుకున్నది ఇవే. వాడు గెలిచినవేవీ కావు, వదులుకున్నవే. అలాంటి పిల్లలు నా క్లాసులో ఏటా ఒకరిద్దరు ఉండేవారు. నువ్వు మంచి పని చేశావని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఒక ముఖం కావాలి కదా. మీ పాప చప్పట్లు కొట్టింది దానికే అనుకుంటాను.

అన్నట్టు, పేర్లు పడేటప్పుడు చూశారా? చార్లీ తన్నబోయేసరికి ఎప్పుడూ బంతి లాగేసే లూసీ, ఫుట్‌బాల్ పట్టుకుని వస్తుంది.

పాతపేపర్లు:
టీచర్ గారూ, 1977 సంగతి నాకు తెలియదు, థాంక్స్. ముఖం విషయంలో మాత్రం నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. కానీ పరీక్ష పేపరు సీను మళ్లీ వేసి చూశాను, మీరు చెప్పింది నిజం. మేం పేర్లు మొదలవగానే టీవీ కట్టేశాం, ఈ రాత్రి పాపను పక్కన కూర్చోబెట్టుకుని అక్కడిదాకా చూశాను. చార్లీ పరుగెత్తుకొచ్చాడు, లూసీ బంతి లాగేసింది, వాడు వెల్లకిలా పడ్డాడు. "మళ్లీ తంతాడా నాన్నా?" అంది పాప. తంతాడమ్మా అని చెప్పి, నాన్నగారు కత్తిరించిన ముక్కల డబ్బా అటక మీంచి దించాను.