ఆమ్లెట్‌లో టీలు ఎన్ని? మెనూ కార్డు అచ్చుకు వెళ్లేలోగా తేల్చండి

ప్రశ్న: మెస్సు యజమానురాలు, మారతహళ్లి
బెంగళూరులో చిన్న ఆంధ్రా మెస్సు నడుపుతున్నాం. కొత్త మెనూ కార్డు ఎల్లుండి అచ్చుకు ఇవ్వాలి. ఇంట్లో ఇంగ్లీషు స్పెల్లింగుల పంచాయితీ తెగడం లేదు. మా మరిది అమెరికా కంపెనీలో ఉద్యోగి. చిల్లీ చికెన్‌కు ఒక ఎల్ చాలంటాడు. ఆమ్లెట్ చివరి రెండు అక్షరాలు కొట్టేశాడు, ఫ్లేవర్డ్ మిల్క్‌లో యూ తీసేశాడు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అలా రాస్తే బడిలో మార్కులు కోస్తారంటూ అన్నీ తిరిగి చేర్చింది. అచ్చు వేసే ఆయనకు ఏదైనా ఒకటే, కానీ తర్వాత మార్చమంటే డబ్బులు వేరట. ఏది సరైనది? ఇడ్లీ, దోశ, పెరుగన్నం సంగతి కూడా చెప్పండి.

జవాబు: విశ్రాంత ఇంగ్లీషు మాస్టారు, మల్లేశ్వరం
ఇద్దరూ సరైనవారేనమ్మా. మీ అమ్మాయిది బ్రిటిషు పద్ధతి, మరిదిది అమెరికా పద్ధతి. ఫ్లేవర్, కలర్ వంటి మాటల్లో యూ లేని రూపాలను 1828 నాటి తన నిఘంటువుతో అమెరికాలో స్థిరపరచినవాడు నోవా వెబ్‌స్టర్. మన బడుల్లో నేర్పేది బ్రిటిషు పద్ధతి కనుక కార్డంతా దానిలోనే ఉంచండి. చిల్లీకి రెండు ఎల్‌లు పెట్టి, ఫ్లేవర్‌లో యూ తీసేస్తే మాత్రం రెండు దేశాల్లోనూ చెల్లదు.

అసలు తప్పులు వేరే ఉంటాయి, ముందు వాటిని పట్టుకోండి. భోజనం తర్వాతి తీపికి, అంటే డెజర్ట్‌కు, నడుమ రెండు ఎస్‌లు. ఒకటి తగ్గితే ఎడారి అవుతుంది. పొటాటో ఒక్కటైతే చివర ఈ లేదు, బహువచనంలోనే వస్తుంది. 1992లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ న్యూజెర్సీలోని ఒక బడిలో ఒక పిల్లవాడు సరిగ్గా రాసిన పొటాటోకు ఈ చేర్పించి దేశమంతటా నవ్వులపాలయ్యాడు. ఎస్ప్రెసోలో ఎక్స్ అన్న అక్షరమే లేదు. మీరు ఫిల్టర్ కాఫీయే పోస్తారు కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

జవాబు: మెనూ కార్డులు డిజైన్ చేసేవారు, కోరమంగళ
మాస్టారి మాటే నాదీ. మీ మరిదితో ఒక్క మాట చెప్పండి, అమెరికావాళ్లదీ ఒకే మాట కాదు. అక్కడి రెండు పెద్ద డోనట్ కంపెనీలలో డంకిన్ పొట్టి స్పెల్లింగు పెట్టుకుంటే, క్రిస్పీ క్రీమ్ పొడుగు స్పెల్లింగు పెట్టుకుంది. అక్కడి న్యూ మెక్సికో రాష్ట్రంలో మిరపకాయకు చివర ఐ రాస్తే ఊరుకోరు, ఈ ఉండాల్సిందే. విస్కీ చూడండి: స్కాట్లాండ్‌లో కే తర్వాత నేరుగా వై, ఐర్లండ్‌లో నడుమ ఈ. మన బెంగళూరు అమృత్ సీసా మీద ఉన్నది స్కాట్లాండ్ వరసే.

ఇంకో సంగతి. వంకాయను ఎగ్‌ప్లాంట్ అని రాయకండి. గుడ్డు కలిసిందేమోనని శాకాహారులు లేచి వెళ్లిపోగలరు. బ్రింజాల్ అంటే ఇక్కడ అందరికీ తెలుసు.

మెస్సు యజమానురాలు
మరిది చదివాడు. డోనట్ దగ్గర కాస్త మెత్తబడ్డాడు. మరి ఇడ్లీ?

జవాబు: మాస్టారు
ఇంగ్లీషు నిఘంటువుల్లో చివర ఐ. దక్షిణాది బోర్డుల మీద వై కూడా చాలాకాలంగా ఉన్నదే, తప్పనడానికి నాకు నోరు రాదు. ఏదో ఒకటి పెట్టుకుని, టిఫిన్ల పట్టికలో, పార్సిల్ పట్టికలో, ఆన్‌లైన్ ఆర్డర్ల యాప్‌లో అదే ఉంచండి. దోశకు చివర ఏ పెట్టండి. కన్నడ పలుకుబడి ప్రకారం ఈ పెడితే ఇంగ్లీషులో చదివేవారికి మందు డోసు అవుతుంది. చెన్నైలో దోసై, వడై అంటూ ఏ తర్వాత ఐ కూడా చేరుస్తారు. అది తమిళ పలుకు, మీకు అక్కరలేదు.

జవాబు: పాల బూత్ నడిపేవారు, జయనగర
పెరుగన్నానికి కర్డ్ రైస్ అనే రాయండి. యోగర్ట్ అంటే జి తర్వాత హెచ్ ఉండాలా వద్దా అని మళ్లీ మొదలవుతుంది. 2023 మార్చిలో పెరుగు ప్యాకెట్ల మీద దహీ అని ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటే తమిళనాడు, కర్ణాటక రెండూ అభ్యంతరం చెప్పాయి. ఆ నెలాఖరులోనే సవరించారు: కర్డ్ అని రాసి, పక్కన బ్రాకెట్లలో మోసరు, తయిర్, పెరుగు వంటి స్థానిక పేరు వేసుకోవచ్చన్నారు. అది ప్యాకెట్లకే, మెనూ కార్డుకు కాదు. అయినా మీరూ పక్కన పెరుగు అని వేసుకుంటే మనవాళ్లు సంతోషిస్తారు. అన్నట్టు, కార్డుతో పాటు బయటి బోర్డు కూడా మారుస్తుంటే అందులో 60 శాతం కన్నడ ఉండాలి, మరచిపోకండి.

మెస్సు యజమానురాలు
అందరికీ ధన్యవాదాలు. బ్రిటిషు పద్ధతే ఖాయం చేశాం. ఇడ్లీకి ఐ. మరిది, అమ్మాయి ఇద్దరూ ప్రూఫు తామే చూస్తామంటున్నారు.

జవాబు: మెనూ కార్డులు డిజైన్ చేసేవారు
ఇద్దరికీ ఇవ్వకండి. అమ్మాయికి ఇచ్చి, కింది వరుస నుంచి పైకి చదవమనండి. అలా అయితే కళ్లు పదాలను దాటేయవు. ధరలు మాత్రం మీరే చూసుకోండి.