వాగ్దాన కార్డులో సంతోషం వచ్చింది, నాకు మాత్రం రాలేదు

మెట్టుగూడ ఆల్టో:
అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి చర్చి ఆరాధనలో పళ్లెంలోంచి వాగ్దాన కార్డు, అంటే కొత్త సంవత్సరానికి ఒక బైబిల్ వచనం వేసిన కార్డు, తీస్తే నాకు నెహెమ్యా గ్రంథం 8:10 వచ్చింది. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు." అమ్మ దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. ఫిబ్రవరిలో అమ్మ చనిపోయింది. కార్డు అక్కడే ఉంది, పాల ప్యాకెట్ తీసినప్పుడల్లా కనిపిస్తుంది.

నాది రాయదుర్గం వైపు ఒక ఆఫీసులో నైట్ షిఫ్ట్. సాయంత్రం మెట్రోలో వెళ్తాను, తెల్లవారుజామున క్యాబ్‌లో వస్తాను. ఆదివారం నిద్ర మానుకుని క్వయర్‌లో నిలబడతాను. పాట గొంతులోంచి వస్తుంది, అంతే. పోయిన వారం ఒక పెద్దావిడ "ఆరాధన చేసేవాళ్ల మొహం అలా ఉంటే ఎలా తల్లీ" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు నవ్వడం ప్రాక్టీస్ చేశాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

అపొస్తలుడు పౌలు చెరసాలలో ఉండి "ఆనందించుడి" అని రాశాడని దయచేసి చెప్పకండి. సండే స్కూల్ పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. సంతోషం పరిశుద్ధాత్మ మనలో కాయించే ఫలం అంటారు కదా. ఫలమైతే దానంతటదే కాయాలి. కాయకపోతే మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ప్రార్థనా యోధుడు:
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండి. 21 రోజులు ఉపవాసం ఉండి స్తుతించండి. దావీదు కూడా రక్షణానందం మళ్లీ పుట్టించమని 51వ కీర్తనలో అడిగాడు.

నైట్ డ్యూటీ అక్క:
బ్రదర్, 51వ కీర్తన పరాయివాడి భార్య బత్షెబ విషయంలో తప్పు చేసినవాడి ప్రార్థన. ఈ అమ్మాయి తల్లిని పోగొట్టుకుంది. రెంటికీ ఒకే మందు ఇస్తారా?

చెల్లీ, నేను నర్సుని. నువ్వు రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నావు? అది రాయలేదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతాను ప్రభువా అంటే, దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. 1 రాజులు 19 తీసి చూడు. ముందు క్వయర్‌కి ఒక నెల సెలవు పెట్టి ఆదివారం నిద్రపోయి రెండో ఆరాధనకి వెళ్లు. తిండి సయించకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకో, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలి మానస్‌కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వానిదే, డబ్బులు పడవు. విశ్వాసం తక్కువని ఎవరూ అనుకోరు. అనుకుంటే అనుకోనీ.

లాలాగూడ తాతయ్య:
అమ్మా, నేను రైల్వేలో రిటైరైనవాణ్ణి. మా ఆవిడ మంచాన పడి నాలుగేళ్లు. పొద్దున్నే టీ పెట్టకముందు ఒక కీర్తన పైకి చదువుతాను. వరసగా 150, అయిపోతే మళ్లీ మొదటినుంచి. 88వది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క ఓదార్పు మాట ఉండదు. అది వచ్చిన రోజు ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. టీ తాగుతాం. అలాంటి కీర్తన కూడా ఆ గ్రంథంలో ఉండనిచ్చారంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

నీ కార్డు సంగతి. అచ్చు వేసేవాళ్లు ఆ వచనంలో చివరి ముక్క వేస్తారు, చోటు చాలదు మరి. మొత్తం చదువు. యెరూషలేం ప్రాకారం 52 రోజుల్లో కట్టారు. తర్వాత నీటి గుమ్మం ఎదుట యాజకుడు ఎజ్రా పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపిస్తే జనమంతా ఏడ్చారు. ఆ మాట అన్నది ఏడుస్తున్నవాళ్లతో. నవ్వుతున్నవాళ్లతో కాదు. పైగా సంతోషంగా ఉన్నట్టు కనపడండి అనలేదు. వెళ్లి మంచి భోజనం చేయండి, తీపి తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివాళ్లకి వంతులు, అంటే తిండిలో వాటా, పంపండి అన్నారు. చేయగలిగింది ఏమైనా ఉందా అన్నావు. నాకు అందులో కనపడింది ఆ వంతులే. మా ఆవిడ పడిపోయిన కొత్తలో నాకు ప్రార్థన రాలేదు. కింద పోర్షన్‌లో ఒంటరిగా ఉండే కుర్రాడికి రోజూ ఒక గిన్నె చారు ఇచ్చేవాణ్ణి. సంతోషం వచ్చిందా అంటే, ఆ వారమే రాలేదు. కానీ సాయంత్రమయ్యేసరికి వాడి కోసం ఎదురుచూసేవాణ్ణి.

మెట్టుగూడ ఆల్టో:
అక్కా, నాలుగు గంటలే పడుకుంటున్నాను. క్వయర్ లీడర్‌కి చెప్పేశాను, ఏమీ అనలేదు, నేనే అనవసరంగా టెన్షన్ పడ్డాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారం.

తాతయ్యా, నిన్న అమ్మ చేసినట్టు రవ్వ లడ్డూలు చేసి వాచ్‌మన్ వాళ్ల పిల్లలకి ఇద్దామనుకున్నాను. పాకం ముదిరి రాళ్లయ్యాయి. చిన్నోడు ఒకటి తీసుకుని గోడకేసి కొట్టి చూశాడు, విరగలేదు. అన్నయ్యా నేనూ మెట్ల మీద కూర్చుని నవ్వాం. తర్వాత ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. ఈసారి సరిగ్గా వస్తే మీకూ తెచ్చిస్తాను, లాలాగూడ మాకు పక్కనే కదా. అమ్మమ్మగారు తీపి తింటారా?

లాలాగూడ తాతయ్య:
షుగర్ ఉందమ్మా. కారప్పూస అయితే తింటుంది, మెత్తగా ఉండాలి.