కొత్త పీహెచ్ సెన్సర్‌ను సముద్రంలో దింపుతున్నాం: అనుభవం ఉన్నవారు చెప్పండి

లాసన్స్ బే:
అందరికీ నమస్కారం. విశాఖలో సముద్ర రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా బృందం రెండేళ్లుగా తయారు చేస్తున్న పీహెచ్ సెన్సర్ వచ్చే నెల మొదటిసారి సముద్రంలో దిగుతోంది. గాజు ఎలక్ట్రోడ్ కాదు, ఇస్‌ఫెట్ చిప్‌తో (అయాన్లను పసిగట్టే ట్రాన్సిస్టర్‌తో) పనిచేసేది. తొమ్మిది రోజుల ఓడ ప్రయాణంలో దాన్ని రోసెట్‌కు (నీళ్లు పట్టే సీసాలు గుండ్రంగా అమర్చిన చట్రానికి) కట్టి 1,000 మీటర్ల దాకా దింపుతాం. తిరిగి వచ్చాక తీరానికి దగ్గరగా, 25 మీటర్ల లోతున్న చోట లంగరు వేసిన బోయాకు రెండు వారాలు వేలాడదీస్తాం.

ప్రయోగశాల తొట్టిలో మూడు నెలలు ఉంచాం. రంగు పద్ధతితో (నీటిలో రంగు వేసి, ఆ రంగు మార్పును బట్టి పీహెచ్ కొలిచే పద్ధతితో) పోల్చితే తేడా ఎప్పుడూ 0.005 దాటలేదు. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా సముద్రం పైనీటి సగటు పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది. లాగరిథం కొలత కాబట్టి ఆ చిన్న అంకె వెనక హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి. ఇప్పుడు ఏడాదికి జరిగే మార్పు 0.002 దరిదాపుల్లో ఉంది. నా సెన్సర్ 0.01 తప్పు చూపితే ఐదేళ్ల మార్పు అందులో మునిగిపోతుంది. తొట్టిలో దాక్కున్న లోపాలు సముద్రంలో ఎలా బయటపడ్డాయో, మీకు జరిగినవి జరిగినట్టు చెప్పండి.

రోసెట్ పక్కన:
ముందు ఒక ప్రశ్న. మీ సెన్సర్ ఈ క్షణాన ఏ నీళ్లలో ఉంది? పొడిగా పెట్టెలో ఉంటే ఈ రోజే తీసి, విద్యుత్తు ఇచ్చి, అసలు సముద్రపు నీటిలో పెట్టండి. పోల్చి చూసే రిఫరెన్స్‌గా సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడి ఉంటే, అది సముద్రపు నీటిలోని బ్రోమైడ్‌తో సర్దుకోవడానికి రోజులు పడుతుంది. వంట ఉప్పు కలిపిన నీళ్లు అందుకు పనికిరావు. మేము ఒకసారి ఓడ ఎక్కిన రోజే తడిపాం. నాలుగు రోజులు అంకె జారుతూనే ఉంది. ఐదో రోజు నిలబడింది. అప్పటికి లోతైన స్టేషన్లన్నీ (ఓడ ఆగి కొలిచే చోట్లు) వెనకబడిపోయాయి.

రెండోది సీసాలు. సెన్సర్ ఎంత కొత్తదైతే అన్ని ఎక్కువ సీసాల నీళ్లు పట్టాలి. రోసెట్ డెక్ మీదికి రాగానే నిస్కిన్ సీసా (రోసెట్ మీది నీళ్ల సీసా) నుంచి ఆక్సిజన్ నమూనా తర్వాత వెంటనే పీహెచ్ నమూనా తీయండి. గొట్టం చివర సీసా అడుగును తాకాలి, నీళ్లు పొంగి పొర్లాలి, ఒక్క బుడగ కూడా ఉండకూడదు. గంటలోపు మెటా క్రెసాల్ పర్పుల్ రంగు వేసి కొలిచేయండి. అలా వీలుకాని సీసాల్లో మెర్క్యురిక్ క్లోరైడ్ వేసి మూత బిగించి, కరిగిన కార్బన్, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కొలవడానికి తీరానికి తెచ్చుకోవచ్చు. అది విషం, చేతి తొడుగులు మరచిపోవద్దు.

అసలు చిక్కు ఉష్ణోగ్రతది. ఓడ మీద మీరు నమూనాను 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. బంగాళాఖాతంలో 1,000 మీటర్ల లోతున నీళ్లు ఏడు డిగ్రీల దగ్గర ఉంటాయి. డిగ్రీకి సుమారు 0.015 చొప్పున పీహెచ్ మారుతుంది. అంటే 0.27 తేడాను లెక్కతో సరిచేయాలి, దాని మీద ఒత్తిడి సవరణ కూడా వేయాలి. దీనికి క్షారత తెలియాలి. ఇక్కడ తప్పు చేసి, మంచి సెన్సర్‌ను చెడ్డదని పక్కన పెట్టినవారిని చూశాను. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

సర్క్యూట్ బోర్డు:
నేను రసాయన శాస్త్రవేత్తను కాదు, ఇలాంటి పరికరాలకు ఎలక్ట్రానిక్స్ కట్టేవాడిని. నా అనుభవం మూడు ముక్కల్లో చెబుతాను.

మా సెన్సర్‌కు ఓడ కేబుల్ ద్వారా కరెంటు ఇచ్చాం. వించ్ (కేబుల్‌ను చుట్టే యంత్రం) తిరిగినంతసేపు రీడింగు వణికింది. వించ్ ఆగితే నిలిచింది. రెండు రాత్రులు ప్రోగ్రాంలో తప్పు వెతికాం. చివరికి కేబుల్ పీకి సొంత బ్యాటరీ మీద నడిపితే గీత నున్నగా వచ్చింది. సముద్రపు నీరే ఒక తీగ అని ఆ రాత్రి బాగా అర్థమైంది. మొదటి దింపుడే బ్యాటరీ మీద చేయండి.

చిప్ ముఖం కిందికి చూసేలా బిగించవద్దు, బుడగ అక్కడే ఇరుక్కుంటుంది. పక్కకు చూడాలి. ఇస్‌ఫెట్‌కు వెలుతురు కూడా పడదు. బోయా మీద మధ్యాహ్నం మాత్రమే అంకె ఎగిరితే సముద్రాన్ని అనుమానించే ముందు నల్ల తొడుగు వేసి చూడండి.

ఫ్లోట్ డేటా:
హైదరాబాద్‌లో ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో తమంతట తాము తేలుతూ కొలిచే యంత్రాల) డేటాతో పనిచేస్తాను. మా ఫ్లోట్లు 1,000 మీటర్ల దగ్గర తేలుతూ, పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి పైకి వస్తూ కొలుస్తాయి. వదిలాక తిరిగి చేతికి రావు. అందుకే మా వాళ్లు వదిలిన చోటే, అదే రోజు, రోసెట్ దింపి సీసాలు పడతారు. తర్వాత ఏళ్ల తరబడి పీహెచ్ జారుడును 1,500 మీటర్ల దగ్గరి నీటితో పోల్చి సరిచేస్తాం, ఆ లోతున నీరు చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి. మీకు 1,000 మీటర్లే ఉన్నా సూత్రం అదే. లోతులో సీసాకూ సెన్సర్‌కూ ఉన్న తేడా అన్ని స్టేషన్లలో ఒకేలా ఉంటే అది క్రమాంకన (కాలిబ్రేషన్) దోషం, సరిదిద్దవచ్చు. స్టేషన్‌కొక రకంగా ఉంటే చిప్‌నే అనుమానించాలి.

దిగేటప్పటి గీత, ఎక్కేటప్పటి గీత ఒకదాని మీద ఒకటి గీసి చూడండి. ఒత్తిడికి సెన్సర్ ఎలా స్పందిస్తోందో అక్కడే దొరుకుతుంది.

లాసన్స్ బే:
ఫ్లోట్ డేటా గారూ, ఎంత కచ్చితత్వం వస్తే సరిపోయిందనుకోవాలి?

ఫ్లోట్ డేటా:
ప్రపంచ సముద్ర ఆమ్లీకరణ పరిశీలన బృందం రెండు గీతలు గీసింది. చోటును బట్టి, కాలాన్ని బట్టి వచ్చే మార్పులు పట్టుకోవాలంటే 0.02. దశాబ్దాల మార్పు పట్టుకోవాలంటే 0.003. మొదటి ప్రయాణంలో 0.02 లోపల నిలిస్తే నేనైతే మిఠాయి పంచుతాను.

సియాటిల్ వాన:
నేను అమెరికా పశ్చిమ తీరంలో ఉంటాను. 2015లో ముగిసిన ఎక్స్‌ప్రైజ్ పీహెచ్ సెన్సర్ పోటీ ఈ చర్చకు దగ్గరగా ఉంది. పరీక్షలు పెట్టిన వరుస గమనించండి: ముందు కాలిఫోర్నియాలోని మాంటెరే బే సముద్ర పరిశోధన సంస్థ ప్రయోగశాల, తర్వాత సియాటిల్ ఆక్వేరియం దగ్గర తీరపు నీళ్లు, చివరికి హవాయి దగ్గర ఓడ మీద నుంచి 3,000 మీటర్ల లోతు. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని జట్లు ఆగిపోయాయి. కచ్చితత్వానికీ, తక్కువ ఖరీదుకూ రెండు మొదటి బహుమతులూ గెలిచింది సన్‌బర్స్ట్ సెన్సర్స్. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, మోంటానా కొండల్లో ఉన్న మిస్సౌలా ఊరి చిన్న సంస్థ అది. వారిది రంగు పద్ధతే, దాన్నే పెట్టెలో ఇమిడ్చారు. మీరు తొట్టి నుంచి నేరుగా 1,000 మీటర్లకు వెళ్తున్నారు. వీలైతే తీరపు బోయా పరీక్ష ముందు చేసి, ఓడ తర్వాత ఎక్కండి.

లాసన్స్ బే:
ఓడ తేదీలు మా చేతిలో లేవండీ. కానీ రేవు గట్టు దగ్గర రెండు రోజులైనా ముంచి చూస్తాం.

రొయ్యల చెరువు:
భీమవరం దగ్గర చెరువులున్నాయి. మాకూ పీహెచ్ మీటరు రోజూ చేతిలో ఉంటుంది. తెల్లవారుజామున 7.8 చూపిన చెరువు మధ్యాహ్నం మూడింటికి 8.6 చూపుతుంది, నీళ్లలోని పచ్చదనం ఎండకు కార్బన్ డయాక్సైడ్ తాగేస్తుంది కాబట్టి. మేము పీహెచ్ 4, 7, 10 ఉన్న ద్రావణాలతో మీటరు సరిచేసుకుంటాం. మీరు అవే ఎందుకు వాడరు?

రోసెట్ పక్కన:
మంచి ప్రశ్న. ఆ ద్రావణాల్లో ఉప్పు చాలా తక్కువ. సముద్రపు నీటిలోకి వచ్చేసరికి ఎలక్ట్రోడ్ స్పందన మారిపోతుంది. అందుకే మేము కృత్రిమ సముద్రపు నీటిలో ట్రిస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే రసాయనం) కలిపిన ద్రావణం వాడి, టోటల్ స్కేల్ అనే వేరే కొలమానంలో చెబుతాం. అదే నీటికి మీ స్కేల్ అంకెకూ మా అంకెకూ 0.1 దాటిన తేడా ఉంటుంది. మీ రొయ్యలకు ఆ తేడాతో పనిలేదు, మీ ద్రావణాలు మీకు సరిపోతాయి.

జాలరిపేట:
మా నాన్నగారి కాలం నుంచి మాది వేట. చదువుకున్న పిల్లలు మా పడవల్లో ఇలాంటివి వేయడానికి వస్తుంటారు. అమ్మా, మీ బోయా పోయేది ఉప్పు వల్ల కాదు, వల వల్ల. 25 మీటర్లంటే అందరూ తిరిగే చోటు. వేసే ముందు పేటలో పెద్దలకు చోటు చెప్పండి, పడవల వాళ్ల ఫోన్లకు పంపండి. దీపం, జెండా పెట్టండి. అది ఏమిటో తెలిస్తే ఎవరూ ముట్టుకోరు. తెలియకపోతే వల చిక్కిన మనిషి తాడు కోస్తాడు, అతని వల ఖరీదు అతనికి ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు మర పడవలు కదలవు కాబట్టి వలల భయం చాలా తగ్గుతుంది.

లాసన్స్ బే:
ప్రయాణం ముగిసింది, బోయా కూడా తీశాం. ఆలస్యానికి మన్నించండి. అందరికీ రుణపడి ఉన్నాను, అందుకే దాచకుండా చెబుతాను.

సెన్సర్‌ను మూడు వారాల ముందే సముద్రపు నీటిలో పెట్టాం. బ్యాటరీ మీదే దింపాం. వించ్ వణుకు మాకు కనిపించలేదు. మొదటి దింపుడులో 60 నుంచి 150 మీటర్ల మధ్య దిగే గీతకూ ఎక్కే గీతకూ 0.03కు పైగా తేడా వచ్చింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. బంగాళాఖాతంలో ఆ పొర నిట్టనిలువు మెట్టు లాంటిది: నీళ్లు గబగబా చల్లబడతాయి, ఆక్సిజన్ దాదాపు అయిపోతుంది, పీహెచ్ 8.1 దగ్గర నుంచి 7.7 వైపు జారుతుంది. మా థర్మామీటరు చిప్‌కు నాలుగు సెంటీమీటర్ల దూరంలో, మందపాటి కవచం లోపల ఉంది. చిప్ కొత్త నీటిని చూస్తుంటే థర్మామీటరు ఇంకా పాత నీటి వేడిలోనే ఉంది. తొట్టిలో ఉష్ణోగ్రత ఎప్పుడూ మారలేదు కాబట్టి మూడు నెలల్లో ఇది ఒక్కసారీ బయటపడలేదు. తర్వాతి స్టేషన్లలో ప్రతి సీసా దగ్గర నాలుగు నిమిషాలు ఆగాం. ఓడ సమయం ఎంత విలువైనదో తెలిసీ అడిగితే, ముఖ్య శాస్త్రవేత్త ఒక్క మాట అనకుండా ఇచ్చారు. ఆగిన చోట్ల 31 సీసాలతో పోల్చితే తేడా 0.012 చుట్టూ, అన్ని లోతుల్లో దాదాపు ఒకేలా ఉంది. ఫ్లోట్ డేటా గారు చెప్పిన సరిదిద్దగల రకమే.

బోయా సంగతి నాకు పెద్ద పాఠం. ఆరో రోజు నుంచి పగలు పెరిగి రాత్రి తగ్గే అందమైన అల మొదలై, రోజురోజుకూ పెద్దదైంది. సముద్రం ఊపిరి తీస్తోందని నేను మురిసిపోయాను. పదకొండో రోజు పడవలో వెళ్లి పక్కనే పట్టిన సీసాల్లో మాత్రం ఆ అల సగం కూడా లేదు. తీసి చూస్తే చిప్ ముఖం మీద పల్చని పచ్చటి పాకుడు. పగలు ఆ పాకుడే కార్బన్ తాగుతోంది, రాత్రి వదులుతోంది. భీమవరం చెరువును గోరంత చేసి నా సెన్సర్ ముఖానికి అతికించినట్టు. ఆరో రోజు తర్వాతి డేటా మొత్తం పక్కన పెట్టేశాం.

థర్మామీటరును చిప్ పక్కకు మారుస్తున్నాం. పాకుడు పట్టకుండా ముఖానికి రాగి జల్లెడ వేస్తున్నాం. నిషేధం మొదలయ్యాక, ఏప్రిల్ చివర్లో, మళ్లీ వేయాలని ఉంది. జాలరిపేట గారూ, పోయినసారి ఎర్ర జెండా పెట్టాం, మీ పడవ నుంచి అది కనిపించిందా?

జాలరిపేట:
పొద్దెక్కాక కనిపించలేదమ్మా. ఈసారి నల్లది పెట్టండి, మెరిసే నీళ్ల మీద అదే తెలుస్తుంది. నిషేధంలో నా పడవ రాదు. తెడ్డు వేసే తెప్పలు తిరుగుతాయి, సీసాలు పట్టడానికి మా తమ్ముడిని అడుగుతాను.