జిప్సీకి 2 అంగుళాల లిఫ్ట్ చేయించా, బంప్ స్టాప్‌లు కూడా మార్చాలా?

అన్నలూ, నాది 2012 మారుతి జిప్సీ, ముందూ వెనకా కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు). పోయిన ఎండాకాలం 2 అంగుళాల లిఫ్ట్ చేయించి (అంటే బండి ఎత్తు పెంచి) పొడుగు షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) వేయించా, కానీ బంప్ స్టాప్‌లు (యాక్సిల్ మరీ పైకొచ్చి ఛాసిస్‌కి కొట్టకుండా ఆపే దిమ్మలు) మాత్రం పాత రబ్బరువే ఉంచేశా, అప్పుడు వాటి గురించి ఆలోచనే రాలేదు.

మొన్న మారేడుమిల్లి వైపు మట్టిరోడ్డులో ఒక గుంతలో దిగితే ముందు ఎడమవైపు ధడ్ మని ఇనుము ఇనుముకి కొట్టిన సౌండ్, నడుం పోయింది అనుకోండి. ఇంటికొచ్చి చూస్తే రబ్బరు పగిలి సగమే మిగిలింది. డౌటొచ్చి షాక్ రాడ్‌కి జిప్ టై కట్టి అదే టైపు గుంతల్లో తిప్పితే టై రాడ్ చివరిదాకా జరిగిపోయింది, అంటే యాక్సిల్ స్టాప్‌కి తగలకముందే షాక్ పూర్తిగా మూసుకుపోతోందనే కదా? ఇలాగే నడిపితే షాక్ సీల్ పోతుందని భయం.

మెకానిక్ ఏమో కొత్త రబ్బరు వేసి పైన ఇనప స్పేసర్ (ఎత్తు పెంచే ముక్క) పెడదాం అంటున్నాడు, ఫ్రెండేమో పాలీయూరిథేన్ వేయించుకో అంటాడు, కానీ అది గట్టిగా ఉండి దెబ్బ నేరుగా ఛాసిస్‌కే వెళ్తుందేమో అని నా అనుమానం. మెత్తటి ఫోమ్ టైపువి ఎవరైనా కమాన్ బండికి వాడారా? హైడ్రాలిక్‌వి నా బడ్జెట్ కాదు, వాటి ఊసొద్దు.

ఇంకోటి, స్పేసర్ ఎత్తు ఎలా లెక్కేయాలి? కట్టలు విప్పి జాకీతో యాక్సిల్ పైకి లేపి కొలవాలా, లేక ఈ జిప్ టై కొలత సరిపోతుందా? చేసినోళ్లు కాస్త చెప్పండి, ఫొటో ఉంటే ఇంకా మంచిది.