టైమ్ మారే రాత్రికి నిద్ర, పీడకలల హారర్ సినిమాలు: ఏవి, ఏ వరసలో?

కోడికునుకు:
ఇక్కడ అమెరికాలో నవంబర్‌లో గడియారం గంట వెనక్కి జరిగే శనివారం రాత్రికి రెండు సినిమాలు వేసుకోవాలని ప్లాన్. కథ నిద్ర చుట్టూనే తిరగాలి: పీడకల, నిద్రలో నడక, నిద్రపోవాలంటే భయం, ఏదైనా సరే. ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ ఎలాగూ ఉంటుంది, దానికి జోడీ చెప్పండి. వెనక నుంచి వచ్చి ‘భౌ’ అని అరిచే రకం వద్దు. మార్చిలో గంట ముందుకి జరిగినప్పుడూ ఇదే జాబితా పనికొస్తుందా? సోమవారం ఆఫీసులో తూగకూడదు, అదొక షరతు.

రెండోఆట:
‘డెడ్ ఆఫ్ నైట్’, 1945. ఈలింగ్ స్టూడియోస్ తీసిన బ్రిటిష్ సినిమా, నలుగురు దర్శకులు. ఒక ఆర్కిటెక్టు పల్లెటూళ్లో ఒక ఇంటికి వస్తాడు. అక్కడున్న వాళ్లందరినీ ఇదివరకే కలలో చూశానంటాడు. వాళ్లు తలా ఒక కథ ఎత్తుకుంటారు. మాట్లాడే బొమ్మ కథ ఇప్పటికీ వణికిస్తుంది. గోల్ఫ్ కథ మాత్రం తేలిపోతుంది, టీ పెట్టుకోవాలంటే అదే అదను.

ముగింపు తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా దాటేయండి. ఆఖర్లో అతను మంచం మీద ఉలిక్కిపడి లేస్తాడు, ఫోన్ మోగుతుంది, మళ్లీ అదే ఇంటికి కారులో బయల్దేరతాడు. సినిమా ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి ఆగుతుంది. నిడివి 103 నిమిషాలు. సరిగ్గా 12:20కి నొక్కితే 100వ నిమిషం అయ్యేసరికి ఫోన్‌లో 1:59 కాస్తా 1:00 అవుతుంది. అతని కల మొదటికి వచ్చే వేళకి, అటూఇటుగా, మీ గంటా మొదటికి వస్తుంది. ఇలా కుదిరే సినిమా ఇంకోటి లేదు.

కాపీ విషయంలో జాగ్రత్త. అప్పట్లో అమెరికాలో విడుదల చేసినప్పుడు గోల్ఫ్ కథ, క్రిస్మస్ పార్టీ కథ కోసేశారు. ఆ కోత కాపీ తగిలితే టైమ్ లెక్క పోవడం ఒకటి, చివర్లో ఆ రెండు కథల మనుషులు ఎక్కణ్నుంచి ఊడిపడ్డారో అర్థం కాకపోవడం ఇంకొకటి. యూరప్ పాత డీవీడీ అయితే సెకనుకి 25 ఫ్రేముల వేగంతో ఆడుతుంది కాబట్టి నాలుగు నిమిషాలు ముందే అయిపోతుంది. అప్పుడు 12:24కి మొదలుపెట్టండి.

వేగుచుక్క:
రెండోఆట గారి లెక్క బాగుంది. కానీ ఎల్మ్ స్ట్రీట్‌ని నవంబర్‌లో ఖర్చు పెట్టేయకండి, అది మార్చి సినిమా. నవంబర్‌లో మనకి ఒక గంట చేతికొస్తుంది. మార్చిలో చేజారుతుంది. ఎల్మ్ స్ట్రీట్ అంతా నిద్ర చేజారిన పిల్ల కథే: కన్ను మూస్తే కలలోకి హంతకుడొస్తాడు, అందుకని కాఫీలు, మాత్రలు. దర్శకుడు వెస్ క్రేవెన్‌కి ఆ ఆలోచన వచ్చిందే లావోస్ నుంచి శరణార్థులుగా అమెరికా చేరిన హ్మోంగ్ తెగ యువకులు నిద్రలోనే చనిపోతున్నారని లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో వచ్చిన వార్తలు చదివి.

నిడివి 91 నిమిషాలు. మార్చిలో 2 కాగానే 3 అవుతుంది కాబట్టి, 12:30కి మొదలుపెడితే అయ్యేసరికి గడియారం 3:01 అంటుంది. చూసింది గంటన్నర, పోయింది రెండున్నర గంటలు. ఆ పిల్ల స్నేహితురాలు టీనా చనిపోయే సీన్ దగ్గర ఒక్క క్షణం ఆపి చూడండి. ఆమె గోడ మీదుగా సీలింగ్ పైకి పాకుతుంది కదా, నిజానికి తిరిగింది గదే. కెమెరానీ కెమెరామన్‌నీ గదికే బిగించేశారు, అందుకే మనకి గది కదిలినట్టు తెలీదు. మంచంలోంచి రక్తం ఎగజిమ్మే సీనుకీ అదే గది: తలకిందులు చేసి పైనుంచి పోశారు.

సోమవారం సంగతి. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. మూడున్నరకి పడుకుని ఏడింటికి అలారం పెడితే ఎక్కువగా కోత పడేది కలల నిద్రకే. ఆ బాకీ మర్నాడు రాత్రి తీరుతుంది, కలలు మామూలుకంటే గట్టిగా వస్తాయి. అందుకని మార్చిలో ఈ సినిమా శుక్రవారం వేసుకోవడం మేలు. శనివారమే కావాలంటే రాత్రి 8కి వేసి 10 లోపు ముగించండి, ఆ 3:01 సరదా వదులుకోవాలి, అంతే. ఆదివారం పొద్దున్నే ఎండలోకి వెళ్తే ఒళ్లు కొత్త టైమ్‌కి తొందరగా సర్దుకుంటుంది. ఆ గోల్ఫ్ కథ టీ మాత్రం వద్దు. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

తెరచాటు:
అలా అయితే నవంబర్ మొదటి ఆటకి ‘పారనార్మల్ యాక్టివిటీ’, 86 నిమిషాలు. 10:40కి పెడితే 12:06కి అవుతుంది, మధ్యలో విరామం సరిపోతుంది. పడగ్గదిలో స్టాండు మీద కదలని కెమెరా, మూలన పరిగెత్తే గడియారం అంకెలు. కథానాయిక కేటీ లేచి మంచం పక్కన నిలబడుతుంది, అంకెలు జోరుగా తిరుగుతాయి, గంటలు గడిచిపోతాయి, ఆమె అక్కడే ఉంటుంది, ప్రియుడు నిద్రపోతూనే ఉంటాడు. అరుపు లేదు, ఏమీ లేదు. భయం అంతా ఆ మూలన ఉన్న అంకెల్లోనే.

ఈ సినిమా చాలా ఇళ్లలో తేలిపోవడానికి కారణం టీవీ స్పీకర్లు. ఏదైనా జరగబోయే ముందు ఒక లోతైన గుయ్‌మనే శబ్దం వస్తుంది. టీవీలోని చిన్న స్పీకర్లు అంత కింది శబ్దాన్ని సరిగ్గా పలికించలేవు. హెడ్‌ఫోన్లు గానీ సబ్‌వూఫర్ (లోతైన శబ్దాల కోసం ఉండే పెద్ద స్పీకర్) గానీ పెట్టండి. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ తీసేయండి: అది చిన్న శబ్దాన్ని పెంచి పెద్దదాన్ని తగ్గిస్తుంది, నిశ్శబ్దం నిశ్శబ్దంగా ఉండదు. పక్కగదిలో ఎవరైనా పడుకుంటే హెడ్‌ఫోన్లే దారి. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ (కదలికని కృత్రిమంగా నున్నగా చేసేది), గది వెలుతురుని బట్టి కాంతి తగ్గించే సెన్సర్, రెండూ ఆపేయాలి. ఆ సెన్సర్ ఉంటే చీకటి గదిలో చీకటి సీను ఉత్త నల్లతెరే.

కలవరింత:
కొత్తది ఒకటైనా ఉండాలంటే కొరియన్ ‘స్లీప్’, 2023, దర్శకుడు జేసన్ యూ. కొత్త దంపతులు, భర్త నిద్రలో లేచి చేసే పనులు రానురాను ముదురుతాయి. దాన్ని నిద్రలో నడక అనేస్తారు గానీ సినిమాలో డాక్టరు చెప్పే జబ్బు వేరు. మామూలుగా కలల నిద్రలో కండరాలు పూర్తిగా సడలిపోయి ఒళ్లు కదలదు. ఆ సడలింపు తప్పితే మనిషి కలలో చేసేది మంచం మీద చేస్తాడు. నిద్రలో నడక గాఢనిద్రలోది. ఈ తేడా తెలిసి చూస్తే సగం దాకా దెయ్యమా జబ్బా అన్న ఊగిసలాట ఇంకా బాగా పడుతుంది.

స్లీప్ పెరాలసిస్ (మెలకువ వచ్చినా కాసేపు ఒళ్లు కదలకపోవడం) వచ్చేవాళ్లు గుంపులో ఉంటే రాడ్నీ ఆషర్ డాక్యుమెంటరీ ‘ది నైట్‌మేర్’ మాత్రం ఆ రాత్రికి వద్దు. నిద్ర తగ్గడం, వెల్లకిలా పడుకోవడం, రెండూ దాన్ని పిలిచేవే. పగటిపూట చూసుకోండి.

కోడికునుకు:
అయితే నవంబర్‌కి పారనార్మల్, డెడ్ ఆఫ్ నైట్. మార్చి శుక్రవారం ఎల్మ్ స్ట్రీట్. జర్మనీ నుంచి ఒకరు ఆన్‌లైన్‌లో కలిసి చూస్తామంటున్నారు. వాళ్లకీ 12:20యేనా?

రెండోఆట:
కుదరదు. అక్కడ గంట మారేది అక్టోబర్ ఆఖరి ఆదివారం, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. రాత్రే వేరు. పైగా జర్మనీలో 3 కాస్తా 2 అవుతుంది, కాబట్టి వాళ్లు విడిగా 1:20కి మొదలుపెట్టుకోవాలి. మామూలు గోడ గడియారం పెట్టుకుని చూడమనకండి, అది దానంతటది మారదు. ఫోన్ ఎదురుగా పెట్టుకోమనండి.